ఎడమ చెవికి కిటికీ, కుడి చెవికి గొడుగు

నేను మట్టితో చెవులకు పెట్టుకునేవి చేస్తాను. చెవులకే కాదు, మెడలోకి లాకెట్లు, చీర కొంగుకు పిన్నులు, జడకు బిళ్లలు కూడా. పింగాణీ అని చెప్తే ఆడవాళ్ల మొహాలు విప్పారతాయి. మట్టి అంటే ముడుచుకుంటాయి. మట్టినే ఒకసారి కాల్చి, రంగు వేసి, పైన గ్లేజు పూసి మళ్లీ కాలిస్తే ఆ నిగారింపు వస్తుందని ఓపిగ్గా వివరించే రోజులు నాకూ ఉండేవి. ఇప్పుడు ఆ ఓపిక లేదు. "ఇంత చిన్న మట్టిముక్కకి అంత రేటా?" అని చోడవరం పెళ్లిళ్లలో నన్ను నిలదీసేవాళ్ల చెవులకు ఎప్పుడూ బంగారం వేలాడుతూ ఉంటుంది. వాళ్ల చెవులకేసి ఒకసారి చూసి భోజనాల వైపు వెళ్లిపోతాను.

నేను చేసేవి పువ్వులూ నెమళ్లూ కాదు. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చిన నవలల్లోంచి ఒక్కో వస్తువు తీసుకుంటాను. పోస్టు చెయ్యకుండా దాచిన ఉత్తరం, ఆఫీసుకు వెళ్లే అమ్మాయి చేతిలోని టిఫిన్ డబ్బా, అద్దె గది తాళంచెవి. ప్రతి జతకూ ఒక చిన్న కార్డు పెడతాను. అందులో ఆ సన్నివేశం నాలుగు మాటల్లో ఉంటుంది, నవల పేరు ఉండదు. తెలిసినవాళ్లు గుర్తుపట్టి మురిసిపోతారు, తెలియనివాళ్లు ఏ నవల అని అడుగుతారు. అడిగినవాళ్లు చాలావరకు కొంటారు.

ఒక ప్రైవేటు స్కూల్లో పదిహేనేళ్లు డ్రాయింగు టీచరుగా చేసి, ఇక మీ పీరియడు అక్కర్లేదు అనిపించుకుని ఇంటికి వచ్చాక ఈ పని మొదలుపెట్టాను. విశాఖపట్నంలో నెల రోజులు నేర్చుకుని, ఒక చిన్న కరెంటు బట్టీ కొని పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టాను. మా ఆయన హైస్కూలు మేష్టారు. బట్టీ పెట్టినప్పుడల్లా మీటరు దగ్గర నిలబడి అది తిరిగే వేగాన్ని నాకు వినిపించేలా వర్ణించేవాడు. అమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. మొదటి వారమే షెడ్డులోకి పీట తెచ్చుకుని కూర్చుంది.

హుక్కు పెట్టడానికి పచ్చిమట్టి మీదే కన్నం వెయ్యాలి. కాలితే మట్టి కుదించుకుపోయి కన్నం కూడా చిన్నదవుతుంది. నేను నేర్చుకున్నచోట దానికి ఒక పరికరం ఇచ్చారు. దాంతో నేను వేసిన కన్నాలు సగం పూడిపోయేవి. అమ్మ చీపురుపుల్ల విరిచి, పళ్లతో కొరికి మొన చేసి, కొంచెం ఏటవాలుగా గుచ్చి తిప్పేది. ఆమె వేసింది ఒక్కటీ పూడలేదు. కాల్చాక హుక్కులు తగిలించే పనీ ఆమెదే అయింది. డెబ్బై ఏళ్ల చేతులు ప్లయరు పట్టుకుంటే వణకవు. పని లేనప్పుడే వణుకుతాయి.

నా సరుకులో బాగా అమ్ముడుపోయింది ఒక జత. ఎడమ చెవికి కిటికీ, కుడి చెవికి గొడుగు. కిటికీకి ఆకుపచ్చ రెక్కలు, ఒకటి మూసి, ఒకటి సగం తెరిచి. గొడుగు నల్లది, ముడిచి ఉన్నది, వంకీ పిడితో. కార్డు మీద ఇలా రాసేదాన్ని: "వదిలి వెళ్లినవాడు వానలో తిరిగొచ్చాడు. ఆమె తలుపు తియ్యలేదు. కిటికీలోంచి అతని గొడుగు అతనికిచ్చింది."

కథ అదే. భర్త ఇంకొకామె కోసం ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. భార్య టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగం చేసుకుంటూ పిల్లను పెంచుకుంటుంది. కొన్నేళ్లకు అతను తడిసి ముద్దయి గేటు దగ్గర నిలబడతాడు. ఆమె కిటికీ రెక్క తెరుస్తుంది. అతను ఆ ఇంట్లో వదిలేసిన వాటిల్లో గొడుగు ఒక్కటే మిగిలింది. దాన్ని ఊచల సందులోంచి అందించి, వాన పెద్దదవుతోంది వెళ్లండి అని రెక్క మూసేస్తుంది.

ఈ జత చూసి చోడవరంలో గుర్తుపట్టని ఆడది లేదు. "అయ్యో, ఈ సీరియలా! వారం వారం ఎదురుచూసేవాళ్లం" అన్నారు. ఒక రిటైరైన టీచరమ్మ ఆ గొడుగు సీను చదివి రెండు రోజులు అన్నం తినలేదని చెప్పింది. ఇంకొకావిడ ఆ కిటికీ బొమ్మ పత్రికలో ఏ రంగులో వేశారో కూడా చెప్పింది. నేను వేసిన ఆకుపచ్చే కరెక్టట. వాళ్లందరి మాటలూ నమ్మాను. పొగడ్త అనుకుంటే ఎవరి మాటైనా నమ్మేస్తానని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ కథ నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ నోట విన్నది. అప్పట్లో కె.కోటపాడు దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. అయిదిళ్లవాళ్లు కలిసి ఒక వారపత్రిక తెప్పించుకునేవారు. మిగతా నాలుగిళ్లూ పెద్ద వీధివి. అక్కడ ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వంతు, మాది ఆఖరు. ఆఖరు వంతువాళ్లు పత్రికను ఇంకెవరికీ ఇవ్వక్కర్లేదు. అందుకని అమ్మ పిన్నులు ఊడదీసి సీరియల్ పేజీలు విడిగా తీసి, బియ్యం డబ్బా కింద పెట్టి అణిచేది. సీరియల్ అయిపోయాక ఆ పేజీలన్నీ చోడవరం తీసుకెళ్లి, ఆఫీసు రిజిస్టర్లు కుట్టే మనిషి చేత బైండు చేయించేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో నవలలు ఇలా తయారైనవే. పేజీకి వెనక సగం వంటల శీర్షిక, సగం వారఫలాలు ఉండేవి.

అమ్మ చదువు అయిదో తరగతి. మా వీధిలో చదవడం వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరేడుగురు ఆడవాళ్లు చింతపండు బుట్టలు తెచ్చుకుని మా అరుగు మీద చేరేవారు. వాళ్లు గింజలు తీస్తుంటే అమ్మ సీరియల్ పైకి చదివేది. అత్తగారి మాటలకు ఒక గొంతు, హీరోకి ఇంకో గొంతు. హీరో ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే అక్షరం అక్షరం కూడబలుక్కుని, తప్పు లేకుండా పలికాకే ముందుకు వెళ్లేది. ఆ వీధిలో అమ్మకు ఉన్న పరువంతా ఆ చదువుదే. భర్త వల్ల వచ్చే పరువు అప్పటికే లేదు.

నాన్న చెరకు లారీ డ్రైవరు. రోలుగుంట వైపు తిరుగుతూ తిరుగుతూ అక్కడే ఉండిపోయాడు. ఉండిపోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు కానీ ఊరందరికీ తెలుసు. అందుకే ఆ సీరియల్ జరుగుతున్నంత కాలం అరుగు మీద ఆడవాళ్లు అమ్మ చేతిలో కాగితం వైపు కాకుండా అమ్మ మొహం వైపు చూస్తూ వినేవారు. అమ్మ తల ఎత్తేది కాదు.

ఆఖరి వారం చదివిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మ ఒళ్లో పత్రిక ఉంది. ఏ పేజీ తెరిచి ఉందో నేను చూడలేదు. గేటు, వాన, కిటికీ, గొడుగు. ఆమె రెక్క మూసేసింది అని చదివి అమ్మ పత్రిక మడిచేసింది.

"మరింక రాలేదేటప్పా ఆడు?" అని ఒకామె అడిగింది.

"రాలేదు."

"మంచి పని సేసింది," అందామె. కాసేపు ఎవరూ గింజలు తియ్యలేదు.

బైండు పుస్తకంలో మాత్రం ఆఖరి రెండు వారాలూ లేవు. అతను గేటు దగ్గర నిలబడడంతో పేజీలు అయిపోతాయి. ఆ పేజీలేవి అని అడిగితే, "ఎలకలు కొట్టేసేయి" అంది అమ్మ. ఆ పుస్తకాన్ని పెళ్లయ్యేలోపు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. గేటు దాకా చదివి మిగతాది అమ్మ గొంతుతో గుర్తు తెచ్చుకునేదాన్ని. తర్వాత అది నవలగా అచ్చయిందని, అద్దె లైబ్రరీల్లో ఉందని తెలుసు. తెలిసిన కథకు మళ్లీ అద్దె ఎందుకని తీసుకోలేదు.

ఆ వానాకాలంలోనే నాన్న తిరిగొచ్చాడు. సాయంత్రం, పెద్ద వాన. నాకు గుర్తున్నది ఇంతే. తలుపు తెరిచి ఉంది. నాన్న తడిసిన చొక్కాతో ఇంట్లో ఉన్నాడు. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మర్నాటి నుంచి అరుగు మీదకు చింతపండు బుట్టలు రాలేదు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నాన్న ఆ ఇంట్లో చేసినవన్నీ ఇక్కడ రాయను. అమ్మ ఎడమ చెవి తమ్మె చీలిపోయి ఉంటుంది. నేను చేసిన వందల జతల్లో ఒక్కటీ ఆమె పెట్టుకోలేదంటే కారణం అదే. ఆ మనిషికి తలుపు తీసినందుకు నేను అమ్మను ఏనాడూ క్షమించలేదు. పైకి అనలేదు గానీ, అనకుండా తెలియజేసే దారులు కూతుళ్లకు చాలా ఉంటాయి. అన్నీ వాడాను.

కిందటేడు ఆ నవలను మళ్లీ అచ్చు వేశారు. విశాఖపట్నంలో పాఠకుల బృందం ఒకటి దానికి సభ పెట్టింది. నడిపే ఆవిడ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నా జత ఎక్కడో చూసి ఫోను చేసింది. "రచయిత్రిగారు కూడా వస్తున్నారు, మీరు హాలు బయట టేబుల్ పెట్టుకోండి, ఆవిడ చూస్తే ఎంత ఆనందిస్తారో" అంది. నేను పది రోజులు షెడ్డులోంచి బయటికి రాలేదు. అమ్మ కూడా వస్తానంది. ఎప్పుడూ ఎక్కడికీ వస్తానని అడగని మనిషి. ఇస్త్రీ చీర కట్టుకుని నాకంటే ముందు తయారై గుమ్మంలో కూర్చుంది. సబ్బవరం దాటేదాకా బస్సులో ఏవేవో సీరియళ్ల కబుర్లు చెప్పింది. ఆ తర్వాత, "ఆవిడ్ని నిజంగా సూస్తామా?" అని రెండుసార్లు అడిగింది.

రచయిత్రి సభ అయ్యాక మా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఎనభై దాటినావిడ, సన్నగా, చేతికర్రతో. చుట్టూ పదిహేను ఇరవై మంది. చోడవరం నుంచి వచ్చిన నా కొనుగోలుదార్లు కూడా నలుగురు ఉన్నారు. రెండు రోజులు అన్నం తినని టీచరమ్మ ఆ రోజు కూడా కిటికీ, గొడుగు పెట్టుకునే వచ్చింది. అమ్మ నా పక్కన కుర్చీలో కూర్చుని గుడ్డ సంచుల్లో జతలు సర్దుతోంది. ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడి దండం పెట్టింది.

రచయిత్రి ఆ జత చేతిలోకి తీసుకుంది. వేలితో గ్లేజు తడిమి చూసింది. "చాలా బాగుందమ్మా పనితనం. ఏమిటిది?" అని అడిగింది.

"మీ నవల ముగింపేనండీ," అన్నాను.

కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. కోపం లేదు ఆవిడ మొహంలో. అదే నయమయ్యేది, కోపమైతే.

"నా నవలలో ఇలా లేదమ్మా. ఆమె తలుపు తీస్తుంది. అతని తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇస్తుంది. అక్కడితో అయిపోతుంది. గొడుగు నేను ఎక్కడా రాయలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అంది టీచరమ్మ, చెవులకు ఆ కిటికీని, గొడుగును ఊపుకుంటూనే. ఆకుపచ్చే కరెక్టు అన్నావిడ ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. బ్యాంకావిడ నా వైపు చూసిన చూపు మాత్రం ఈ రోజుకీ నా వీపు మీద ఉంది. చదవకుండానే చేశావా అన్నట్టు. నేను, ఊళ్లో అందరికంటే ఎక్కువ చదివినదాన్నని అనుకునే నేను, ఇరవై మంది చదువుకున్నవాళ్ల మధ్య నవల చదవకుండా దుకాణం పెట్టినదాన్నయ్యాను. నా మీద పడ్డదాన్ని ఇంకెవరి మీదకైనా తోసెయ్యాలి. పక్కనే అమ్మ ఉంది.

"మా అమ్మ చెప్పిందండీ," అన్నాను. "పల్లెటూరి మనిషి. సరిగ్గా చదవడం రాదు. ఏదో పొరపాటు పడి ఉంటుంది."

అన్నాను. గొంతు తడబడకుండా, కొంచెం నవ్వు కూడా కలిపి.

అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ ఇంకా నిలబడే ఉంది. నేను అబద్ధం ఆడానని ఆమె ఒక్క మాట అంటే చాలు. పుస్తకం చేతికిస్తే ఆ హాలు హాలంతా వినేలా గొంతులు మార్చి చదివి చూపించగల మనిషి. ఆమె రచయిత్రికి మళ్లీ దండం పెట్టింది.

"అవునమ్మా," అంది. "నాకు సరిగ్గా సదవడం రాదు. తప్పు నాదే."

రచయిత్రి మంచిది. అమ్మ చెయ్యి పట్టుకుని, "పోనీలెండి, మీ ముగింపూ బాగానే ఉంది" అంది. మర్యాదకు అందో, నిజంగానే అందో నాకు తెలియదు. బ్యాంకావిడ చురుకైనది. అక్కడికక్కడే నలభై జతలు ఆర్డరు ఇచ్చింది. సభ్యులందరికీ కానుకలుగా కావాలట. "ఈసారి కరెక్టుగా చెయ్యండి. తలుపు, తువ్వాలు," అంది. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే గండం గడిచిందని సంతోషపడ్డాను.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్క సీటు నాకిచ్చి తను ఇటు కూర్చుంది. "నిజంగా ఏమయ్యాయమ్మా బైండులో లేని ఆ రెండు వారాలూ?" అన్నాను. మొదటి వంతు ఇంటి కోడలు ఆ రెండు పత్రికలూ తీసుకుని దేవరాపల్లి పుట్టింటికి పోయిందని, మళ్లీ తేలేదని చెప్పింది. "ఆలందరూ బుట్టలట్టుకొచ్చి కూకున్నారు. ఏటైందో తెల్దని సెప్తే బాగోదు కదా," అంది. పాత పత్రిక ఏదో ఒళ్లో పెట్టుకుని నోటికొచ్చింది చదివిందట. నోటికొచ్చింది అని ఆమే అంది.

నలభై తలుపులు, నలభై తువ్వాళ్లు కోసి ఆరబెట్టాను. మట్టి ఆరేటప్పుడు రోజుకు రెండుసార్లు తిరగెయ్యాలి, లేకపోతే అంచులు పైకి లేస్తాయి. నేను మర్చిపోయినప్పుడల్లా అమ్మ తిరగేసింది. కన్నాలు వేసింది. "తువ్వాలు రంగేటి?" అని అడిగింది. తెలుపన్నాను. "తెలుపైతే మురికి తేలతాది, నీలం గళ్లెయ్," అంది. నీలం గళ్లు వేశాను. బాగున్నాయి. ఆమె మీద కోపంగా ఉంది నాకు. నన్ను తిట్టనందుకు, అలిగి కూర్చోనందుకు, పని ఎప్పటికంటే శ్రద్ధగా చేస్తున్నందుకు.

ఒక్కటే మారింది. పొద్దున్నే పేపరు రాగానే వాకిట్లో కూర్చుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివే మనిషి పేపరు ముట్టడం మానేసింది. మాత్రల పట్టీ నా చేతికిచ్చి, "ఇది పొద్దుటిదో మాపటిదో సూడు" అనేది. ఫోనుకు మెసేజి వస్తే, "ఏటి రాసేరో సెప్పు" అనేది. మా ఆయన అమాయకంగా కంటి డాక్టరుకు చూపిద్దామన్నాడు. "కళ్లు బాగానే ఉన్నాయి బాబూ, సదువే లేదు నాకు," అంది నవ్వుతూ. నా వైపు చూడలేదు.

రెండో కాల్పు అయ్యాక హుక్కులు తగిలించే రోజు ఇక ఉండబట్టలేకపోయాను. ఇద్దరమూ షెడ్డులో ఉన్నాం. మా మధ్య నలభై తెరిచిన తలుపులు పళ్లెంలో ఉన్నాయి.

"కోపం ఉంటే తిట్టమ్మా. ఇలా సాధించకు."

"కోపమేటే? ఏటన్నాను నిన్ను?"

"ఏమీ అనకపోవడమే. అయినా తప్పు నా ఒక్కదాన్దే ఏటి? లేని ముగింపు సెప్పి వీధంతటినీ నమ్మించేవు. నన్నూ నమ్మించేవు. కథలో దానిసేత తలుపు మూయించేవు. నీ తలుపు మాత్రం నువ్వు తీసేవు కదా!"

ముప్పై ఎనిమిదేళ్లుగా లోపల నానబెట్టిన మాట. వచ్చేసింది. అమ్మ ప్లయరు కింద పెట్టింది.

"నాను తియ్యలేదే," అంది.

"మరెవరు తీసేరు?"

"నువ్వు."

షెడ్డు రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు. అమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆ మాపటేల నాను కిటికీ కాడే ఉన్నాను. మీ నాన్న గొడుగు నా సేతిలోనే ఉంది. కిటికీలోంచి ఇచ్చీసి పొమ్మందారనే నిలబడ్డాను. నువ్వు నాన్నా నాన్నా అని అరుసుకుంటా ఎల్లి పీట ఏసుకుని గెడ తీసేవు. తొమ్మిదేళ్ల గుంటవి. నిన్నేటనీది? మర్నాడు ఇస్కూల్లో మా నాన్నొచ్చేడని అందరికీ సెప్పుకొచ్చేవు. అంత సంబరం నీకు."

నాకు గుర్తు రాలేదని రాయగలిగితే బాగుండేది. వచ్చింది. పీట ఈడ్చిన చప్పుడు, వానకు ఉబ్బి బిగుసుకుపోయిన తలుపు గెడ, దాన్ని పైకి నెట్టడానికి రెండు చేతులూ వాడడం, నాన్న నన్ను ఎత్తుకున్నప్పుడు చొక్కాలోంచి కారిన చల్లటి నీళ్లు. అన్నీ లోపలే ఉన్నాయి. వాటి ముందు అమ్మను నిలబెట్టి ఇన్నేళ్లూ ఆమెనే చూశాను. ఆమెకు ఈ సంగతి తెలుసు, నేను ఆమెను ఏ కళ్లతో చూస్తున్నానో కూడా తెలుసు. ఆ రెండూ తెలిసి నా వంట తిని, నా షెడ్డులో కూర్చుని, నా జతలకు కన్నాలు వేసింది.

"ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు?" అన్నాను.

"సెప్తే ఏటొస్తాది?" అని ప్లయరు తీసుకుంది. "ఇంకా పద్దెనిమిది జతలున్నాయి. కానియ్."

నలభై జతలూ పంపించాను. బ్యాంకావిడ ఫొటోలు పెట్టింది. నలభై మంది చదువుకున్న ఆడవాళ్లు, ఎడమ చెవికి తెరిచిన తలుపు, కుడి చెవికి నీలం గళ్ల తువ్వాలు. అందరూ నవ్వుతున్నారు. ఎంతో నిజాయితీగా ఉందని, నవల ఆత్మను పట్టుకున్నానని కింద రాశారు. చోడవరం టీచరమ్మ కూడా రాసింది, ఆ తువ్వాలు సీను చదివి ఆ రోజుల్లో ఎంత ఏడ్చానో అని. కిటికీ, గొడుగు చెయ్యడం మానేశాను. ఎవరైనా అడిగితే అది తప్పు డిజైనని చెప్పాలి. ఆ మాట నా నోటితో మళ్లీ అనలేను.

పోస్టులో ఒక పుస్తకం కూడా వచ్చింది. కొత్త అచ్చు. రచయిత్రి లోపలి పేజీలో నా పేరు, అమ్మ పేరు రాసి సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం అమ్మ మంచం మీద నడుం వాల్చి ఉంది. పుస్తకం తీసుకెళ్లి చేతికిచ్చాను. చదవమన్నాను. తల అడ్డంగా తిప్పి వెనక్కి ఇచ్చేసింది.

"నువ్వు సదువు. ఇంటాను."

ఆఖరి అధ్యాయం తీశాను. గేటు దగ్గర అతను నిలబడ్డ చోటు నుంచి మొదలుపెట్టాను. పైకి చదవడం నాకు చేతకాదు. గొంతులు మార్చడం రాదు. వాన, గేటు, ఆమె లేచి రావడం. అక్కడికి వచ్చేసరికి, కాగితం మీద ఉన్నది వదిలేసి నేను చదివాను. ఆమె కిటికీ దగ్గరికి నడిచింది. రెక్క తెరిచింది. గొడుగు తీసుకుని ఊచల సందులోంచి...

"అలగ లేదు కదే అక్కడ," అంది అమ్మ, కళ్లు తెరవకుండానే.

నేను పుస్తకం మూయబోయాను.

"ఉన్నది సదువు."

ఉన్నది చదివాను. ఆమె తలుపు తీసింది. అతను లోపలికి వచ్చాడు. ఆమె తువ్వాలు అందించింది. అమ్మ ఆఖరి దాకా విని, గోడ వైపు తిరిగి పడుకుంది.